మిర్చి ఘాటే అనుకున్నా

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తాని నేను. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే సీజన్‌లో అక్కడ దగ్గని మనిషి ఉండడు. అందుకే 2022 వేసవిలో పట్టుకున్న దగ్గు నెల దాటినా పట్టించుకోలేదు. సాయంత్రం అయ్యేసరికి ఒళ్లు కాలేది, రాత్రి బనీను తడిసి ముద్దయ్యేది. ప్యాంటు జారుతుంటే బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకున్నా. 68 కిలోల వాడిని 57కి వచ్చా. "షుగరేమో చూపించుకోండి" అని మా ఆవిడ ఒకటే గోల. షుగర్ లేదు.

కఫం సీబీనాట్‌కి, అంటే టీబీ క్రిమిని పట్టే మెషిన్ పరీక్షకి, పంపితే టీబీ అని తేలింది. టీబీ ఉన్న ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారట. "అందరికీ చేసేదే అన్నా, టెన్షన్ పడకండి" అంది ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్షలు, సలహాల సెంటర్‌లో, కౌన్సెలరమ్మ. నా రక్తాన్ని మూడు వేర్వేరు కిట్లతో చూశారు. మూడూ పాజిటివే. ఆ తర్వాత ఆవిడ చెప్పిందేదీ చెవికెక్కలేదు. గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య ఎప్పుడా అని వెతుక్కుంటూ కూర్చున్నా.

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో డాక్టరమ్మ, నాకీ జబ్బు ఎలా వచ్చిందని అడగలేదు. (నాకు తెలుసు. ఇక్కడ రాయను.) పాత సంగతులు తవ్వింది. సర్పి ఎప్పుడైనా లేచిందా? లేచింది, 2018లో, కుడి డొక్క మీద. మా మేనమామ పక్కూరు తీసుకెళ్లి ఎర్రమట్టి పూయించాడు. కాళ్లకీ చేతులకీ దురద పొక్కులు? మిరప దుమ్ము పడలేదనుకుని రెండేళ్లు ఆయింట్‌మెంట్లు రాశా. నోట్లో తెల్లటి పూత? వేడి చేసిందనుకుని మజ్జిగ తాగా. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో మందుల షాపు. అవన్నీ ఒకే ఖాతా కింద రాయాల్సిన పద్దులని ఎవరికీ తట్టలేదు. లెక్కలు రాసే నాకే తట్టలేదు.

ఆవిడ కాగితం తిప్పి హెచ్‌ఐవీ దశలు వరసగా రాసి చూపించింది. ఏ బాధా లేకుండా, మహా అయితే గ్రంథులు వాచి ఉంటే మొదటి దశ. సర్పి, దురద పొక్కులు రెండో దశ. నోటి పూత, పదోవంతుకు మించి బరువు తగ్గడం, నెల దాటినా వదలని జ్వరం, ఊపిరితిత్తుల టీబీ మూడో దశ. టీబీ ఊపిరితిత్తులు దాటి మెదడుకో మరో చోటికో పాకితే నాలుగు. "నువ్వు మూడులో ఉన్నావు బాబూ" అంది. ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే కణాల లెక్క, సీడీ4, మాత్రం 118 వచ్చింది. 200 కంటే తగ్గితే ముదిరినట్టే లెక్కట. మెదడు పొరలకు పట్టే ఫంగస్ ఉందేమోనని అందుకే ఇంకోసారి రక్తం తీశారు. లేదు.

ఇంట్లో చెప్పడానికి మూడు రోజులు పట్టింది. మా ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. "రేపు నన్నూ తీసుకెళ్లండి" అంది. నెగెటివ్. మూడు నెలలాగి చేసినా నెగెటివే. మధ్యలో నెల రోజులు మాత్రం నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, వెళ్లిపోయేది.

ముందు టీబీ మందులు మొదలుపెట్టి, రెండు వారాలకు ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీ మందు, ఇచ్చారు. రాత్రికి ఒక్కటే బిళ్ల, మూడు మందులు కలిపింది, టీఎల్‌డీ అంటారు. టీబీ మందు దాని బలం తగ్గిస్తుందని అందులోని ఒక మందు, డోలుటెగ్రావిర్, పొద్దున ఇంకోటి. మూడో వారంలో, తగ్గిన జ్వరం, దగ్గు రెండూ మళ్లీ ఎగిశాయి. మందులు పడలేదు, మానేద్దామనుకున్నా. డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసింది. "ఇన్నాళ్లూ నీ ఒంట్లో కాపలావాడు పడుకున్నాడు. ఇప్పుడు లేచి దొంగని చూసి కేకలేస్తున్నాడు. మానితే చంపుకున్నట్టే" అని గట్టిగానే అరిచింది. పది రోజులకు సద్దుమణిగింది.

ఆరు నెలలకు టీబీ కోర్సు అయిపోయింది. వైరల్ లోడ్ రిపోర్టులో వైరస్ కనపడలేదని వచ్చింది. ఆ కాగితం ముందు మా ఆవిడే చదివింది.

మందులకు వెళ్లిన ప్రతిసారీ అవే నాలుగు ప్రశ్నలు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. మొన్న దగ్గుందా అంటే, "నిన్న సరుకు బాగా దిగిందండీ, ఆ ఘాటే" అన్నా.

నర్సమ్మ నవ్వింది. నవ్వుతూనే కఫం డబ్బా చేతిలో పెట్టింది.