మేడమ్ నన్ను ధైర్యంగా ఉండమనలేదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో తీరం వెంట ఉన్న మా ఉద్దానం వాళ్లకి ఆ రాత్రి గురించి చెప్పక్కర్లేదు. కవిటి దగ్గర మాకున్న ఎకరంన్నర కొబ్బరితోటలో తెల్లారేసరికి నిలబడి ఉన్నవి పదకొండు చెట్లు. మిగతావన్నీ, మా తాత, నాన్న నాటినవి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

జబ్బు మాత్రం ఆ రోజు రాలేదు. పడిన చెట్లు కోయించడం, పరిహారం కాగితాలు, కరెంటు లేని రాత్రులు, ఆ హడావిడిలో బాగానే తిరిగాను. సంక్రాంతి దాటాక మొదలైంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, అన్నం సయించేది కాదు, తోట కనపడకుండా చుట్టుదారిలో వెళ్లేవాణ్ణి, కొన్నాళ్లకి ఇల్లు కదలడమే మానేశాను. అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంటే మధ్యాహ్నం అయిపోయేది. "ఏటి బావూ, అలా కూకుండిపోనావు" అని అమ్మ రోజూ అడిగేది. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ, మనిషి నీరసపడితే అందరికీ ముందు ఆ భయమే కదా, కిడ్నీల పనితీరు తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూపించారు, బాగానే ఉంది.

చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, ధైర్యంగా ఉండు. ప్రేమతోనే అన్నారు, తప్పు పట్టను. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా దగ్గర లేని డబ్బు ఎవరో బాకీ అడుగుతున్నట్టు ఉండేది. ఒక రాత్రి చచ్చిపోతే బాగుణ్ణు అనిపించింది. ఆ మాట దాచుకోకుండా నా భార్యకి చెప్పాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కించి శ్రీకాకుళం తీసుకెళ్లింది.

డాక్టరుగారు డిప్రెషన్ అన్నారు. మాత్రలు రాసి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో మానకండి అని గట్టిగా చెప్పి, మాట్లాడడానికి ఒక సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపారు. మాటలతో ఏం తగ్గుతుందిలే అనుకుంటూనే వెళ్లాను.

మొదటి రోజు ఆవిడ ధైర్యం చెప్పలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చేదాకా ఏమేం చేశారు?" అని అడిగారు. ఏమీ చేయలేదన్నాను. ఆవిడ వదలలేదు. లేచాను, స్నానం చేశాను, బస్సులో ఒక ముసలావిడకి సీటు ఇచ్చి కంచిలి నుంచి టెక్కలి దాకా నిలబడ్డాను. "కూర్చోడానికే ఓపిక లేదంటున్నారు, మరి ఎలా నిలబడ్డారు?" అన్నారు. ఆవిడ పొగడలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అప్పుడు తెలీదు.

మూడో వారమో నాలుగో వారమో, మీకు గుర్తున్న మొట్టమొదటి సంగతి చెప్పండి అన్నారు. నాకు అయిదేళ్లుంటాయేమో, తోటలో కాయలు దింపుతుంటే ఒక కాయ ఎత్తుకుని రెండడుగులు వేసి జారవిడిచాను, నాన్న "నీవల్ల అవదు, పక్కకి ఉండు" అని తీసేసుకున్నాడు. ఆ పిల్లాడు అప్పుడు తన గురించి ఏమనుకుని ఉంటాడు అని అడిగారు. నేను నిలబెట్టలేను అనుకుని ఉంటాడు. చెబుతుంటే నాకే తట్టింది, తుఫాను తర్వాత నేను రోజూ అనుకుంటున్నది సరిగ్గా ఆ మాటే! గంటకి నూటనలభై కిలోమీటర్ల పైన గాలి వీస్తే ఏ మనిషి నిలబెడతాడు చెట్లని?

ఈ పద్ధతి ఎక్కడిదని తర్వాత అడిగాను. ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ అని 1870లో వియన్నా దగ్గర పుట్టిన డాక్టరుదట. చిన్నప్పుడు రికెట్స్ అనే ఎముకల జబ్బుతో సరిగ్గా నడవలేక, న్యుమోనియాతో చావు దాకా వెళ్లొచ్చినవాడు. మొదట్లో మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌తో ఉండి, 1911లో విడిపోయి తన దారి పట్టాడు. చికిత్సకి వచ్చిన మనిషిని చెడిపోయిన యంత్రంలా చూడకూడదు, అతనికి ధైర్యం సన్నగిల్లింది, దాన్ని తిరిగి పుట్టించాలి అనేది ఆయన చెప్పిన దాంట్లో ముఖ్యమైనది. చిన్ననాటి జ్ఞాపకాలు అడగడం కూడా ఆయన పద్ధతే. మెచ్చుకోవడం వేరు, ప్రోత్సాహం వేరు అని మేడమ్ చెప్పారు. గెలిచాక దొరికేది మెచ్చుకోలు, ప్రోత్సాహం ఓడిపోయి కూర్చున్నవాడికి కూడా ఇవ్వొచ్చు.

ఆవిడ ఇచ్చిన పని ఒక్కటే. ధైర్యం వచ్చేదాకా ఆగకండి, ధైర్యం ఉన్నవాడు ఎలా వెళ్తాడో అలా రోజూ పది నిమిషాలు తోటకి వెళ్లండి. మొదటి రోజు గట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. ఫోన్ చేసి చెబితే, "గట్టు దాకా వెళ్లారన్నమాట" అన్నారు. అంతే. రెండో నెలలో పక్క తోట మామయ్య కొబ్బరి మొక్కలు దింపుకోవాలంటే సాయం వెళ్లాను. ఇంకొకరి పని చేస్తున్నప్పుడు నా గొంతులోని బరువు లేదని ఇంటికొచ్చాక గమనించాను.

మాత్రలు లేకుండా ఇదంతా అయ్యేది కాదని నా నమ్మకం. వాటిని డాక్టరుగారు చెప్పాకే, ఏడాది దాటాక, మెల్లగా తగ్గించి ఆపాను. అప్పట్లో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ లేదు, 2022లో వచ్చింది. 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. చావు ఆలోచన వచ్చినవాళ్లు ఆ రాత్రే ఎవరికో ఒకరికి చెప్పండి, తెల్లారేదాకా ఆగకండి.

2019 వానాకాలంలో నాటిన మొక్కల్లో కొన్ని కాపుకొచ్చాయి. అక్టోబరులో సముద్రం హోరు పెరిగితే ఇప్పటికీ నిద్ర పట్టదు. అలాంటప్పుడు టార్చి పట్టుకుని తోట గట్టు దాకా వెళ్లి, కాసేపు నిలబడి వస్తాను.