ఎఫ్1 నొక్కమంటుంది, కీబోర్డేమో పలకదు

శనివారం, గుంటూరు

రాత్రంతా గాలివాన. కరెంటు పోయి తెల్లారగట్ల ఎప్పుడో వచ్చింది. ఎనిమిదో తరగతి సాంఘికం క్వశ్చన్ పేపరు మధ్యాహ్నానికల్లా స్కూలుకి పంపాలి, అందుకని కాఫీ కూడా తాగకుండా సిస్టమ్ ఆన్ చేశాను. ఫ్యాన్ తిరిగింది, బీప్ వినిపించింది. ఆ తర్వాత నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు. సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అట, ముందుకెళ్లాలంటే ఎఫ్1 నొక్కాలట. నొక్కాను, కదల్లేదు. నమ్ లాక్ నొక్కి చూశాను, దాని లైటూ వెలగలేదు.

ఈ సిస్టమ్ 2013లో మా తమ్ముడు ఇంజనీరింగ్ చదివేటప్పుడు పార్టులన్నీ విడివిడిగా కొనుక్కొచ్చి, హాల్లో చాప వేసుకుని బిగించింది. కొత్తది కొనుక్కోవచ్చుగా అని అందరూ అంటారు. నా పనంతా అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో ఉంది, ఇన్నేళ్ల పేపర్లూ అందులోనే ఉన్నాయి. అవన్నీ కొత్త మెషీన్‌లో ఎక్కించి, ఒత్తులు ఎక్కడ చెదిరాయో చూసుకుంటూ కూర్చునే ఓపిక అనేవాళ్లకి ఉండొచ్చు, నాకు లేదు.

కీబోర్డు మీద నాకు నిన్న సాయంత్రం నుంచే అనుమానం. టైపు చేస్తుంటే సగం అక్షరాలు పడటం లేదు. మీట మీద వేలు కాసేపు ఆనించి ఉంచితేనే అక్షరం వస్తోంది. నిన్న అలా, ఇవాళ అసలుకే లేదు. కీబోర్డు పోయిందనే ఎవరైనా అనుకుంటారు.

పక్కింటి బాబాయిగారు ఏ వస్తువూ పారెయ్యరు. అడగ్గానే అటక మీంచి పాత కీబోర్డు దించారు. గుండ్రటి పిన్ను, ఊదారంగు మూతి. "సిస్టమ్ ఆపేసి పెట్టమ్మాయ్. యూఎస్‌బీ లాగా నడుస్తుండగా గుచ్చకూడదు ఇది" అని మరీ చెప్పారు. 1987లో ఐబీఎం వాళ్లు పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన పిన్ను అది. మా మదర్‌బోర్డులో దానికి ఇంకా చోటుంది. పెట్టి ఆన్ చేస్తే ఎఫ్1 ఒక్క దెబ్బకే తీసుకుంది. హమ్మయ్య అనుకునేలోపు విండోస్ గుర్తు వచ్చి, వెంటనే నీలం తెర పడి, మళ్లీ మొదటికొచ్చింది.

ఇక టెన్షన్ పడి లాభం లేదని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను.

"అక్కా, నీ కీబోర్డు సిస్టమ్ వెనకాల ఏ యూఎస్‌బీ పోర్టులో ఉంది? నీలందా, నల్లదా?"

"నీలం. నల్లవాటిల్లో ప్రింటరూ స్కానరూ ఉన్నాయి కదరా."

"అదీ సంగతి. మన బోర్డులో ఆ నీలం పోర్టులు విండోస్ వచ్చి, వాటిని నడిపే డ్రైవరు లోడయ్యాకే పలుకుతాయి. స్కానరు పీకేసి నీ కీబోర్డు నల్లదాంట్లో పెట్టు."

పెట్టాను. ఈసారి నమ్ లాక్ లైటు వెలిగింది. రోజూ సిస్టమ్ నేరుగా విండోస్‌కి వెళ్లిపోతుంది కాబట్టి, ఆ మధ్యలో కీబోర్డుకి ప్రాణం లేదన్న సంగతి ఇన్నాళ్లూ బయటపడలేదు.

నీలం తెర సంగతి వేరు. వాడు చెప్పినట్టు డిలీట్ నొక్కుతూ బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ఒక్కో పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను. తేదీ 2009 జనవరి 1 చూపిస్తోంది. డిస్కు మోడ్, అంటే బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి, దగ్గర ఐడీఈ అని ఉంది. "నేను విండోస్ వేసింది ఏహెచ్‌సీఐ అనే ఇంకో పద్ధతిలో. బోర్డు పాత సెట్టింగులన్నీ మర్చిపోయి కంపెనీ సెట్టింగులకి వెళ్లిపోయింది. అదొక్కటీ మార్చి, తేదీ సరిచేసి, ఎఫ్10 కొట్టు. ఇంకేం ముట్టుకోకు" అన్నాడు. అంతే, విండోస్ వచ్చేసింది.

ఎందుకు మర్చిపోయిందంటే బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032, మూడు వోల్టులది. సిస్టమ్‌కి కరెంటు అందనప్పుడు గడియారాన్నీ, సీమాస్‌లో ఉండే సెట్టింగుల్నీ అదే కాపాడుతుంది. సిస్టమ్ ఆపేసినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు ఎస్ఎంపీఎస్ (లోపలి పవర్ డబ్బా) నుంచి బోర్డుకి కొద్దిగా కరెంటు వెళ్తూనే ఉంటుంది, బ్యాటరీ నీరసం తెలియదు. రాత్రి అన్ని గంటలు కరెంటు లేకపోయేసరికి బయటపడింది. ఈమధ్య కోత పడ్డప్పుడల్లా టైము వెనకబడి ఉండేది, విండోస్ నెట్ నుంచి సరిచేసేసుకునేది, నేనూ పట్టించుకోలేదు. బ్యాటరీ కోసం అరండల్‌పేట దాకా పోనక్కర్లేదు, బ్రాడీపేటలో మా సందు చివర వాచీలు బాగుచేసే కొట్లోనే దొరికింది, నలభై రూపాయలు. వైరు పీకి, పాతది తీసి, ప్లస్ గుర్తు పైకి వచ్చేలా పెట్టాను. పనిలో పనిగా లోపల దుమ్ము కూడా దులిపాను. అంత దుమ్ముతో అది ఇన్నేళ్లు నడవడమే గొప్ప.

అంతా అయ్యాక పేపరు తెరిచి టైపు చేయబోతే, మళ్లీ నిన్నటి జబ్బే! వేలు ఆనిస్తేనే అక్షరం. తమ్ముడు అప్పటికే ఆఫీసు మీటింగులో ఉన్నాడు. బాబాయిగారి కీబోర్డు ఇంకా ఇక్కడే ఉందిగా అని దాన్ని తగిలించి చూశాను. దాంట్లోనూ అదే తంతు. రెండు కీబోర్డులకి ఒకే రోజు ఒకే జబ్బు రాదు. అంటే విండోస్‌లోనే ఏదో ఉంది. సెట్టింగుల్లో కీబోర్డు పేజీకి వెళ్తే ఫిల్టర్ కీస్ ఆన్‌లో ఉంది.

కుడివైపు షిఫ్ట్‌ని ఎనిమిది సెకన్లు వదలకుండా నొక్కితే ఇది ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. మా చిన్నదాన్ని అడిగితే, "గేమ్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకున్నా, ఏదో అడిగింది, ఎస్ అన్నా" అంది. దానికి ఏం అడిగినా ఎస్సే. ఆఫ్ చేసి పన్నెండున్నరకల్లా పేపరు పంపేశాను.

కీబోర్డు తిరిగి ఇవ్వడానికి వెళ్లి ఈ కథంతా చెబితే, బాబాయిగారు ఫిల్టర్ కీస్ దగ్గర ఆపారు. చేతులు వణికేవాళ్ల కోసం, పొరపాటున తగిలిన మీటల్ని పట్టించుకోకుండా పెట్టిన ఏర్పాటు అది. ఆయనకి ఈమధ్య కుడిచెయ్యి వణుకుతోంది, ల్యాప్‌టాప్‌లో ఒకే అక్షరం రెండేసిసార్లు పడుతోందట. ఆన్ చేసి ఇచ్చాను. తన పేరు కొట్టి చూసుకుని, "బాగానే ఉంది గానీ మరీ నత్తనడకగా ఉందమ్మాయ్, కొంచెం స్పీడు పెంచు" అన్నారు. సెకన్లు తగ్గించి వచ్చాను.