ఉచిత సలహాకు ఏడాదికి 64 వేలు

స్థలం అమ్మిన డబ్బు ఖాతాలో పడిందో లేదో, బ్యాంకు నుంచి ఫోను. నాకంటూ ఒక రిలేషన్‌షిప్ మేనేజర్‌ను కేటాయించారట.

"మా సలహాకు మీ దగ్గర పైసా తీసుకోం సార్" అన్నాడు. మర్యాదస్తుడే. పిల్లల చదువులు, ఇంటి అప్పు అన్నీ రాసుకుని మ్యూచువల్ ఫండ్ల జాబితా చేతిలో పెట్టాడు. ఒక్కటి మినహాయింపు లేకుండా అన్నీ రెగ్యులర్ ప్లాన్లే.

2013 జనవరి నుంచి అవే ఫండ్లకు మధ్యవర్తి లేకుండా కొనే డైరెక్ట్ ప్లాన్లు ఉన్నాయి. రెగ్యులర్‌లో డిస్ట్రిబ్యూటర్ (అమ్మిపెట్టే మధ్యవర్తి, ఇక్కడ బ్యాంకే) కమిషను కూడా ఖర్చులో కలుస్తుంది. దాన్ని ఏ రోజుకా రోజు ఎన్ఏవీలోనే, అంటే ఫండ్ యూనిట్ విలువలోనే, మినహాయిస్తారు కాబట్టి మనకు బిల్లు రాదు. ఆరు నెలలకోసారి వచ్చే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంటులో మాత్రం ఆ కమిషను రూపాయల్లో ఉంటుంది. మొత్తం విలువ చూసి మూసేసేవాళ్లే ఎక్కువ. నాది చివరి పేజీ దాకా చదివే బుద్ధి. నేను పెట్టిన 80 లక్షల మీద సుమారు 0.8 శాతం, అంటే ఏడాదికి 64 వేలు.

ఆ తర్వాత పీఎంఎస్ (మన పెట్టుబడిని విడిగా మన పేరు మీదే నిర్వహించే పోర్ట్‌ఫోలియో సేవ) ప్రస్తావన తెచ్చాడు. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం దానికి కనీస పెట్టుబడి 50 లక్షలు. రుసుము 2.5 శాతమే అన్నాడు. కాగితం మీద వేసి చూశాను: 18 శాతం జీఎస్టీతో ఏటా 1,47,500, లాభం వచ్చినా రాకున్నా. లాభంలో వాటా తీసుకునే పద్ధతీ ఉంది. అందులో 'హై వాటర్ మార్క్' నియమం ఉంటుంది: పడిపోయిన విలువ పాత గరిష్ఠాన్ని దాటేదాకా మళ్లీ వాటా అడగకూడదు. ఆ సంగతి నేను అడిగాకే చెప్పాడు.

"ఏది అమ్మితే మీ బ్యాంకుకు ఎంత?" అన్నాను. కాఫీ తెప్పించాడు. కమిషన్ల వివరం చెప్పడం డిస్ట్రిబ్యూటర్ బాధ్యత. అయినా ఈమెయిల్‌లో రాసి అడిగితే గానీ పట్టిక రాలేదు. కమిషను తప్పని నేననను, మాట్లాడటానికి అంత మొహమాటం ఎందుకన్నదే నా గొడవ.

చివరికి సెబీ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ సరిచూసుకుని, రుసుము మాత్రమే తీసుకునే సలహాదారు దగ్గరికి వెళ్లాను. స్థిర రుసుమైతే కుటుంబానికి ఏటా 1.51 లక్షలు మించకూడదు. సలహా ఇచ్చిన కుటుంబం నుంచే అమ్మకపు కమిషనూ తీసుకోకూడదు. నాకు కుదిరింది అంతకంటే చాలా తక్కువకే. అయినా చేత్తో చెక్కు రాసేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది!

డైరెక్ట్‌కు మారడమంటే పాతవి అమ్మి కొత్తవి కొనడమే. తొందరపడితే ఎగ్జిట్ లోడ్ అనే రుసుము, పైగా పన్ను. ఈక్విటీ ఫండ్ల దీర్ఘకాలిక లాభంలో ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. అందుకే ఏటా ఆ పరిమితి మేరకే విడతలుగా మారుస్తున్నాం. మిగిలినవాటి మీద బ్యాంకుకు కమిషను ఇంకా వెళ్తూనే ఉంది.