ఎఫ్‌ఎన్ కీలు పలకనప్పుడు: స్కాన్‌కోడ్ నుంచి కీకోడ్ దాకా నా అనుభవం

గుంటూరు బ్రాడీపేటలో ఒక ట్యూషన్ సెంటర్ కోసం ఆరు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లలో ఉబుంటు లినక్స్ ఎక్కించాను. వాల్యూమ్ కీలు బాగానే పనిచేశాయి గానీ, బ్రైట్‌నెస్ పెంచే కీలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఏప్రిల్ ఎండ పడమటి కిటికీలోంచి కొడుతుంటే ఆ కీ లేనిదే స్క్రీన్ మీద అక్షరం ఆనదు.

కీ నొక్కితే కీబోర్డు పంపే సంఖ్య స్కాన్‌కోడ్, అది ఏ కీయో గుర్తించడానికి లినక్స్ వాడే సంఖ్య కీకోడ్. ఈ రెండింటినీ జత చేయడమే మ్యాపింగ్. దానికి దిగేముందు స్కాన్‌కోడ్ ఎందాకా వస్తోందో తేల్చుకోవాలి. ఎఫ్‌ఎన్ కీని ల్యాప్‌టాప్ లోపలుండే చిన్న చిప్, అంటే ఎంబెడెడ్ కంట్రోలరే చూసుకుంటుంది. దానికి జోడీగా ఇంకో కీ నొక్కితే పుట్టే కోడ్ మామూలు కీబోర్డు దారిలోనైనా రావచ్చు, డబ్ల్యూఎంఐ (తయారీదారు ప్రత్యేక సంకేతాలు వచ్చే వేరే మార్గం) దారిలోనైనా రావచ్చు. నొక్కిన కీ కోడ్‌లు చూపించే ఈవీటెస్ట్ తెరిచి ‘ఏటీ ట్రాన్స్‌లేటెడ్ సెట్ 2 కీబోర్డ్’ని ఎంచుకుని నొక్కాను. ఎంఎస్‌సీ స్కాన్ (స్కాన్‌కోడ్) విలువ డీ9 అని వచ్చింది. అంటే కీబోర్డు దారే, పని మన చేతిలోనే ఉంది.

లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో కూడా అదే డీ9. కాకపోతే పక్కనే ‘సెట్‌కీకోడ్స్ ఈ059 వాడండి’ అన్న సలహా. చాలామంది తికమకపడేది ఇక్కడే. రెండూ ఒకటే కీ: ఈ0తో మొదలయ్యే కోడ్‌లో 59కి కీబోర్డు డ్రైవర్ 80 కలుపుతుంది, హెక్సా (16 ఆధారంగా సాగే) లెక్కలో అది డీ9. పరీక్షకి ‘సుడో సెట్‌కీకోడ్స్ ఈ059 225’ కొట్టగానే వెలుతురు పెరిగింది. కీకోడ్ 225 పెంచడానికి, 224 తగ్గించడానికి. రీబూట్ చేస్తే ఇది పోతుంది.

నిలిచి ఉండాలంటే /ఈటీసీ/యూడెవ్/హెచ్‌డబ్ల్యూడీబీ.డీ/ ఫోల్డర్‌లో 90తో మొదలయ్యే ఫైల్ పెట్టాలి. మొదటి వరుసలో మోడల్ గుర్తు, రెండో వరుసలో ‘కీబోర్డ్_కీ_డీ9=బ్రైట్‌నెస్‌అప్’. రెండో వరుస ముందు ఒక స్పేస్ తప్పనిసరి. విలువ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే రాయాలి, ముందు ‘కీ_’ తగిలించకూడదు. నేను రెండు గంటలు పోగొట్టుకున్నది మాత్రం మొదటి వరుసలో. మోడల్ పేరులోని ఖాళీలను కెర్నెల్ తీసేస్తుంది. నేను బాక్సు మీదున్నట్టే ఖాళీతో రాశాను, ఇక ఎక్కడ కలుస్తుంది? పేరు ఊహించి రాయొద్దు, /సిస్/క్లాస్/డీఎంఐ/ఐడీ/మోడ్‌అలియాస్ నుంచి కాపీ చేసుకోండి. తర్వాత ‘సిస్టమ్‌డీ-హెచ్‌డబ్ల్యూడీబీ అప్‌డేట్’, ఆపైన ‘యూడెవ్‌ఏడీఎం ట్రిగ్గర్’. రెండూ సుడోతోనే, అంటే అడ్మిన్ హక్కులతోనే.

ఒక మెషీన్‌లో ఒక్కసారి నొక్కితే చాలు, బ్రైట్‌నెస్ చివరిదాకా పాకిపోయింది. కీ వదిలిన కబురు ఫర్మ్‌వేర్ పంపడం లేదన్నమాట. విలువ ముందు ఆశ్చర్యార్థకం పెట్టి ‘!బ్రైట్‌నెస్‌అప్’ అని రాస్తే వదిలిన కబురు కెర్నెలే పుట్టిస్తుంది.

మైక్ మ్యూట్‌ది ఇంకో పేచీ. దాని కీకోడ్ 248. కీలను డెస్క్‌టాప్‌కి అందించే ఎక్స్11 ప్రతి కోడ్‌కీ 8 కలుపుకుంటుంది, 255 దాటితే చూడదు. కాబట్టి 247 పైనున్న కీలు ఈవీటెస్ట్‌లో కనబడినా ఎక్స్11 డెస్క్‌టాప్‌కి నేరుగా చేరవు. మైక్‌కి ‘ఎఫ్20’, టచ్‌ప్యాడ్ స్విచ్‌కి ‘ఎఫ్21’ అని రాస్తే సరిపోయింది.