మెగా పీటీఎంకి క్లాస్ టీచర్‌గా సిద్ధం కావడం: నా అనుభవం

2025 డిసెంబర్ 5న ఆంధ్రప్రదేశ్ బడుల్లో జరిగిన మెగా పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) బడలిక ఇంకా తీరలేదు. ముగ్గులు, తోరణాలు, తల్లులకు ఆటలు, పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం... వీటి గురించి క్లాస్ టీచర్ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆహ్వాన పత్రాలు కూడా పిల్లల చేతే రాయించి పంపితే సరి.

లెక్క వేసుకోవాల్సింది టైము. 38 మంది ఉన్న ఎనిమిదో తరగతికి మనిషికి ఐదు నిమిషాలన్నా 190 నిమిషాలు. ఉపన్యాసాలు పోను అంత మిగలదు. అందుకే రోల్ నంబర్ వరసలో పిలవొద్దు. అవి వరి కోతల రోజులు. కూలికి వెళ్లే తల్లులతో ముందుగా మాట్లాడి పంపేయాలి. ఆటోలో పక్క ఊరి నుంచి వచ్చేవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని పిలవాలి, లేకపోతే ఒక్కరి కోసం ఆటో మొత్తం ఆగుతుంది. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు వేరే క్లాసుల్లో ఉంటే ఆ టీచర్లతో ముందే మాట్లాడుకోవాలి.

ప్రతి పిల్లాడికీ ఒక అరఠావు కాగితం సిద్ధం చేసుకోండి. నెలవారీ హాజరు, బాగా చేసేది ఒకటి, ఆగిపోయిన చోటు ఒకటి. దానికి జవాబు పత్రం జత చేయండి. ‘లెక్కల్లో వెనకబడ్డాడమ్మా’ అంటే ఆ తల్లి ఏం చేయగలదు? 1/2 + 1/3 = 2/5 అని వాడు రాసిన చోట వేలు పెట్టి చూపించి, ‘పైవి పైవి, కిందవి కిందవి కూడేస్తున్నాడు. క.సా.గు. రావాలంటే ముందు ఎక్కాలు రావాలి, రోజూ ఒక ఎక్కం అప్పజెప్పించుకోండి’ అనాలి. చదువు రాని తల్లికి కూడా కొడుకు ఎక్కడ తడబడ్డాడో తెలిసిపోతుంది.

ఇంత చేసి కూర్చుంటే నన్ను నిలువునా ముంచింది డబ్బుల గొడవ. కుర్చీలో కూర్చుంటూనే ఒక తల్లి, ‘తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం వేసే డబ్బు) పడలేదు మేడం, మీరే ఏదో తప్పు రాసుంటారు’ అంది. జూన్‌లో పక్కింటావిడకు పిల్లాడికి 13,000 చొప్పున పడ్డాయి, ఈవిడకు పడలేదు. ఆర్నెల్ల కోపం అందరి ముందూ టీచర్ మీదే. వెనక వరసలో వాళ్లు ‘అవునవును’ అంటారు. పిల్లాడి జవాబు పత్రం అలా బల్ల మీదే ఉండిపోతుంది.

బడి చేతిలో ఉన్నవి హాజరు, పిల్లాడి వివరాలు, అంతే. ఆగేది ఎక్కువగా వేరే చోట. తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్‌తో ఎన్‌పీసీఐ లింకు (ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో చెప్పేది) ఉండదు. ఊళ్లోని గ్రామ సచివాలయం హౌస్‌హోల్డ్ డేటాలో (కుటుంబాల వివరాల్లో) పిల్లాడు ఆ తల్లి కింద ఉండడు. లేదా కరెంటు వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటినట్టు చూపిస్తుంది, దాటితే డబ్బు రాదు. వేరే ఇంటి మీటరు వీళ్ల ఆధార్‌కి తగిలించి ఉంటే ఆ యూనిట్లూ వీళ్ల నెత్తినే పడతాయి. ఇవన్నీ చెప్పాల్సినవాళ్లు వేదిక మీద శాలువాలు కప్పించుకుని భోజనాలకు ముందే కారెక్కేశారు!

దీనికి నాకు తోచిన ఉపాయం గుమ్మం బయట ఇంకో బల్ల. క్లాసు లేని మాస్టారొకరు, డబ్బులు పడనివారి జాబితా, చీటీల కట్ట. చీటీకి ఒక వైపు బ్యాంకులో ఏం అడగాలో, రెండో వైపు సచివాలయంలో వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్‌ని ఏం అడగాలో రాసి ఉండాలి. లోపలికొచ్చాక మళ్లీ ఆ మాటెత్తితే చీటీ చేతిలో పెట్టి జవాబు పత్రం ముందుకు జరపండి. వాదనకు దిగితే మీ ఐదు నిమిషాలూ పోయినట్టే.

మైకులో ర్యాంకులు చదవమని ఎవరడిగినా చదవొద్దు. ప్రోగ్రెస్ కార్డు తల్లి చేతికే ఇవ్వాలి. సంతకాల రిజిస్టర్ పక్కన వేలిముద్రకు ఇంకు ప్యాడ్, చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ పెట్టండి. ఫోటోల అప్‌లోడ్ సాయంత్రం చూసుకోవచ్చు. రాని తల్లిదండ్రుల కాగితాలు మాత్రం విడిగా తీసి ఉంచండి, సోమవారం నుంచి వాళ్లకు ఫోన్లు చేయాలి.