ఏసీ మాల్‌లో గదా, ఆరుబయట కాంప్లెక్సులో షట్టరా: నెల్లూరులో రెండో దుకాణం తెరిచిన నా అనుభవం

నెల్లూరు చిన్నబజారులో మా పెదనాన్న మొదలుపెట్టిన పిల్లల బట్టల దుకాణాన్ని కొన్నేళ్లుగా నేనూ మా ఆవిడా చూసుకుంటున్నాం. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ముత్తుకూరు వైపు నుంచి కార్లలో వచ్చే కుటుంబాలు బజారు సందుల్లోకి బండి తీసుకురాలేక, ట్రంకు రోడ్డు మీదనే ఏదో ఒక పెద్ద షోరూములో కొనుక్కుని వెనక్కి వెళ్లిపోతున్నాయని తెలిసిన తరువాత, బండి నిలుపుకోవడానికి చోటున్న దగ్గర రెండో దుకాణం పెట్టాలని నిర్ణయించుకున్నాం. అప్పటికి మాకు రెండు చోట్ల నుంచి పిలుపు ఉంది. ఒకటి ఊరిలోని ఒక ఏసీ మాల్‌లో రెండో అంతస్తు గది. రెండోది మినీ బైపాస్ వైపు కట్టిన ఒక కొత్త కాంప్లెక్సు. దానికి పైకప్పు కింద వరండాలు ఉండవు. మధ్యలో ఖాళీ స్థలం వదిలి చుట్టూ షాపులు కట్టారు, కారు ఆపిన చోటి నుంచి నాలుగు అడుగులు వేస్తే షాపు గుమ్మం వస్తుంది.

మాల్‌లో గది అనగానే బంధువుల్లో సగం మంది అప్పుడే శుభాకాంక్షలు చెప్పేశారు. పెదనాన్న మాత్రం, "ఏందబ్బాయా, ఎండాకాలం జనం చల్లగాలికి పోతారు గానీ గుడ్డలు కొనడానికి పోతారా?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆయన మాటను అప్పటికి పక్కన పెట్టి, మాల్ వాళ్ల లీజింగ్ మేనేజరుతో మాట్లాడటం మొదలుపెట్టాం.

వాళ్లు పంపిన కాగితంలో గది విస్తీర్ణం 620 చదరపు అడుగులని ఉంది. మా వడ్రంగిని వెంట తీసుకువెళ్లి, టేపు పట్టి గోడ నుంచి గోడకు కొలిపిస్తే 380 అడుగులే వచ్చింది. అందులోనూ ఎడమ వైపు రెండడుగుల మందం ఉన్న స్తంభం ఒకటి, సరిగ్గా మేము గల్లాపెట్టె పెట్టుకుందామనుకున్న చోట నిలబడి ఉంది. మిగతా 240 అడుగులు ఎక్కడున్నాయని అడిగితే, వరండాలో, ఎస్కలేటర్లలో, మరుగుదొడ్లలో, కింద పార్కింగులో మా వాటా అని చెప్పారు. సూపర్ బిల్టప్ ఏరియా అంటే ఇదే. ఇందులో దాపరికమేమీ లేదు, మాల్ వ్యాపారమంతా ఈ లెక్క మీదనే నడుస్తుంది. కానీ మనం సరుకు పేర్చుకునేది లోపలి 380 అడుగుల్లోనే కనుక, అద్దెను ఆ అడుగులతో భాగించి చూసుకోకపోతే అసలు ధర తెలియదు.

మాల్ అడిగిన అద్దె అడుగుకు 75 రూపాయలు. కామన్ ఏరియా మెయింటెనెన్స్ పేరుతో సెంట్రల్ ఏసీకి, జనరేటరుకు, కాపలాకు, ఊడ్చేవాళ్లకు కలిపి అడుగుకు మరో 18 రూపాయలు. రెండింటినీ 620 అడుగులకు కడితే నెలకు 57,660 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 68 వేలు దాటుతుంది. లోపలి అడుగుకు లెక్కవేస్తే 179 రూపాయలు పడుతోంది. మినీ బైపాస్ కాంప్లెక్సులో 500 అడుగులని చెప్పిన షాపు కొలిస్తే 440 వచ్చింది. దానికి అద్దె 30 వేలు, కాపలా, ఊడ్పు ఖర్చుకు 2 వేలు, జీఎస్టీతో కలిపి 37,760 రూపాయలు. అంటే లోపలి అడుగుకు 86 రూపాయలు. అయితే ఇక్కడ ఏసీ మనమే పెట్టుకోవాలి, కరెంటు బిల్లు మనమే కట్టుకోవాలి. ఆ ఖర్చు ఉదారంగా వేసుకుని చూసినా రెండింటికీ మధ్య తేడా పూడలేదు.

ఇక్కడ మా ఆడిటరు గారు చెప్పిన ఒక సంగతి చిన్న వ్యాపారులందరికీ పనికివస్తుంది. మేము జీఎస్టీలోని కాంపోజిషన్ పథకంలో ఉన్నాం. ఏడాది టర్నోవరు కోటిన్నర లోపు ఉన్న వ్యాపారులు అమ్మకాల మీద 1 శాతం పన్ను కట్టి సరిపెట్టుకోవచ్చు, కానీ తాము కొన్న సరుకు మీద, కట్టిన అద్దె మీద పడిన జీఎస్టీని వెనక్కి తీసుకునే వీలు ఉండదు. కాబట్టి పెద్ద బ్రాండ్ల షోరూముకు అద్దె మీది 18 శాతం ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకునే సొమ్ము, మాకది పూర్తిగా చేతి చమురు. ఒకే అద్దె, ఒకే పన్ను, అయినా పక్కపక్క గదుల్లో ఉన్న ఇద్దరికీ భారం ఒకటి కాదు.

ఖర్చు ఎక్కువైనా జనం ఎక్కువ వస్తే గిట్టుబాటవుతుంది కదా అన్నది మేనేజరు వాదన. వారాంతంలో లోపలికి వచ్చేవాళ్ల సంఖ్యను తలుపు దగ్గరి యంత్రం లెక్కపెడుతుందని, ఆ కాగితాలు కూడా చూపించారు. మా ఆవిడ వాటిని పక్కన పెట్టి, ఆదివారం సాయంత్రాలు మాల్ బయటి ద్వారం పక్కన బెంచీ మీద కూర్చుని, బయటికి వెళ్లేవాళ్ల చేతుల వైపు చూడటం మొదలుపెట్టింది. చేతిలో ఐస్‌క్రీము ఉన్నవాళ్లు, సూపర్ మార్కెట్టు సంచులు ఉన్నవాళ్లు, బట్టల సంచులు ఉన్నవాళ్లు, ఉత్త చేతులతో పోయేవాళ్లు అని చిన్న పుస్తకంలో నాలుగు గడులు గీసుకుని గీతలు పెట్టింది. ఉత్త చేతుల గడి అన్నిటికంటే ముందు నిండేది. బట్టల సంచులు ఉన్నా, వాటిలో చాలా భాగం కింది అంతస్తులోని పెద్ద షోరూముదే. మరో విషయం కూడా ఆమె గమనించింది. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు ఎస్కలేటరు ఎక్కి తిన్నగా ఆటల జోనుకు పోతున్నారు, అక్కడ డబ్బు ఖర్చయిన తరువాత మా గది ఉన్న వైపు తిరిగి చూసే ఓపిక వాళ్లకు ఉండటం లేదు.

ఈ దశలోనే ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటున్న మా అక్క వాళ్లింటికి వెళ్లి రావలసి వచ్చింది. మా బావ నన్ను ఈస్టన్ టౌన్ సెంటరుకు తీసుకువెళ్లాడు. 1999లో తెరిచిన ఈ సెంటరులో చాలా భాగం ఆరుబయటే ఉంటుంది. ఊరి వీధుల్లాగే వీధులు, కాలిబాటలు, చెట్లు, అంచున ఆపిన కార్లు, వరసగా షాపులు. మంచు కురిసే ఊరిలో జనం కోటు వేసుకుని మరీ బయట నడుస్తూ కొంటుంటే, మా ఊరి రోహిణి కార్తె ఎండకు భయపడి ఏసీ గది కోసం అప్పు చేయబోతున్న నాకు ఆశ్చర్యంగానే అనిపించింది. అదే నగరం నడిబొడ్డున 1989లో సిటీ సెంటర్ అనే పెద్ద మూత మాల్, అంటే పైకప్పు వేసి మూసి కట్టిన మాల్, తెరిచారు. శివార్లలో కొత్త సెంటర్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాక అందులోని పెద్ద షాపులు ఖాళీ అయ్యాయి, 2009లో మాల్ మూతపడింది, దాన్ని కూలగొట్టి అక్కడ పార్కు వేశారు. నార్త్‌లాండ్ అనే ఇంకొకటి 1964లో ఆరుబయటి సెంటరుగానే మొదలై, కాలానికి తగ్గట్టు పైకప్పు వేయించుకుని, చివరికి 2002లో మూతపడింది. అలాగని మూత మాళ్లన్నీ పోలేదు. 2001లో తెరిచిన పొలారిస్ మాల్ ఇప్పటికీ నడుస్తోంది, కాకపోతే ఖాళీ అయిన ఒక డిపార్ట్‌మెంట్ స్టోరును పడగొట్టి ఆ చోట ఆరుబయటి షాపులు కట్టుకుంది.

పైకప్పు ఉండటం, లేకపోవడం ఒక్కటే సంగతి తేల్చదని నాకు అక్కడే అర్థమైంది. అమెరికాలో పూర్తిగా మూసి, లోపల వాతావరణాన్ని అదుపులో ఉంచిన తొలి మాల్ సౌత్‌డేల్. మినెసోటా రాష్ట్రం ఇడైనాలో 1956లో తెరిచారు. వియన్నాలో పుట్టిన విక్టర్ గ్రూయెన్ దాని వాస్తుశిల్పి. అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది కనుక పైకప్పు అవసరమే; కానీ దాని కిటుకు వేరే ఉంది. ఒకదానికొకటి పోటీ అయిన డేటన్స్, డొనాల్డ్‌సన్స్ అనే రెండు డిపార్ట్‌మెంట్ స్టోర్లను ఒకే కప్పు కిందికి తెచ్చి, వాటి మధ్య చిన్న షాపులను అమర్చారు. ఒక పెద్ద షాపు నుంచి ఇంకో పెద్ద షాపుకు నడిచేవాళ్లు దారిలో చిన్న షాపుల ముందు నుంచి పోతారు. ఆ నడకకు ప్రతిఫలంగా చిన్న షాపులు అడుగుకు ఎక్కువ అద్దె కడతాయి, పెద్ద షాపులకు నామమాత్రపు అద్దెతో చోటు దొరుకుతుంది. పెద్ద షాపు పడిపోతే ఈ అమరికంతా తలకిందులవుతుంది. అక్కడి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లయిన సియర్స్ 2018లో, జేసీ పెన్నీ 2020లో దివాలా రక్షణకు వెళ్లినప్పుడు వాటిని నమ్ముకున్న మాళ్లకు అదే జరిగింది. అందుకే అక్కడి అద్దె ఒప్పందాల్లో కో-టెనన్సీ అనే షరతు రాయించుకుంటారట: ఫలానా పెద్ద షాపు వెళ్లిపోతే చిన్న షాపుకు అద్దె తగ్గాలి, లేదా ఖాళీ చేసి వెళ్లే హక్కు ఉండాలి.

ఊరికి తిరిగి వచ్చాక మాల్ వాళ్ల ముసాయిదా ఒప్పందాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. మూడేళ్ల లాకిన్, ఆ లోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలి. మూడేళ్లకు 15 శాతం పెంపు. కనీస అద్దె లేదా అమ్మకంలో నిర్ణీత శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. మాల్ తెరిచి ఉన్న వేళల్లో షాపు మూస్తే జరిమానా. ఇన్ని షరతులు మాకు ఉన్నప్పుడు, కింది సూపర్ మార్కెట్టు గానీ పై ఆటల జోను గానీ మూడు నెలలకు మించి మూతపడితే కనీస అద్దె ఆగిపోయి శాతం మాత్రమే వర్తించాలని, లాకిన్ నుంచి మాకు విడుదల ఉండాలని ఒక పేరా చేర్చమని అడిగాను. అడుగుకు ఐదు రూపాయలు తగ్గించడానికి మేనేజరు సిద్ధపడ్డాడు, ఫిట్‌అవుట్ పనులకు (లోపల అరలు, దీపాలు అమర్చుకోవడానికి) అద్దె లేని కాలం పెంచడానికీ ఒప్పుకున్నాడు. ఆ పేరా మాత్రం చేర్చలేమని, అటువంటివి పెద్ద బ్రాండ్లు అడిగితే చూస్తామని మర్యాదగానే చెప్పాడు. జనాన్ని తెచ్చిపెడతామని ఎక్కువ అద్దె తీసుకుంటూ, ఆ జనం రాకపోతే నష్టమంతా మాదే అనడం నాకు రుచించలేదు. అక్కడితో మాల్ బేరం ముగిసింది.

కాంప్లెక్సు బేరంలో తలనొప్పులు వేరు. షాపు పడమటి ముఖం. వాస్తు సంగతి ఇంట్లో పెద్దవాళ్లు చూసుకున్నారు గానీ, నాకు అసలు భయం సాయంత్రపు ఎండది. పక్క షాపు అద్దాల అరలో నెల రోజులు వేలాడదీసిన గులాబీ రంగు ఫ్రాకును వాళ్లు తీసి చూపించారు. గోడ వైపు ఉన్న సగం గులాబీగానే ఉంది, అద్దం వైపు సగం వెలిసి మీగడ రంగుకు తిరిగింది. రెండో భయం వాన. మనకు పెద్ద వానలన్నీ ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి, సంక్రాంతికి బట్టలు కొనడం మొదలయ్యేదీ డిసెంబరులోనే. ఆరుబయటి సెంటరుకు కొలంబస్‌లో మంచు ఎటువంటిదో నెల్లూరులో వాయుగుండం అటువంటిది. అందువల్ల షాపుల ముందు ఆరడుగుల షీటు పందిరి యజమానే వేయించాలని, ఖాళీ స్థలంలో నీరు నిలవకుండా కాలువ తీయించాలని, ఈ రెండు పనులూ అయిన తరువాతే అద్దె మొదలవుతుందని రాయించుకున్నాం. లాకిన్ ఏడాదికి తగ్గింది.

ఇంకొక సంగతి కూడా మా మనసులో ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ చివరికల్లా విడి దుకాణాలు తెరవడానికి కేంద్రం అనుమతించినప్పుడు మాళ్లను మినహాయించింది. వాటికి జూన్ 8 దాకా ఆగవలసి వచ్చింది. వీధి వైపు తెరుచుకునే షట్టరుకు ఉన్న ఆ సౌలభ్యాన్ని ఏ లెక్కలో వేసుకోవాలో ఆడిటరు గారు చెప్పలేదు గానీ, అది లెక్కే.

కాగితాల పనిలో చెప్పుకోదగినది ఒకటే. మన దగ్గర అలవాటు కొద్దీ పదకొండు నెలల ఒప్పందం రాసుకుని రిజిస్ట్రేషన్ లేకుండా సరిపెట్టుకుంటారు. షాపు లోపల అరలకు, ఏసీలకు లక్షలు పెట్టేవాడికి పదకొండు నెలల కాగితం ఏ భద్రతా ఇవ్వదు. మేము ఐదేళ్లకు రాయించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేయించుకున్నాం. తరువాత కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణం నమోదు, కరెంటుకు విడి కమర్షియల్ మీటరు వరసగా అయిపోయాయి. జీఎస్టీ నమోదులో కొత్త షాపును అదనపు వ్యాపార స్థలంగా 15 రోజుల్లో చేర్చుకోవాలి, అది ఆడిటరు గారే చూసుకున్నారు.

షాపు నడక ఎలా ఉందంటే, మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదింటి దాకా ఈగలు తోలుకోవడమే. ఆ వేళ మాల్‌లో జనం ఉంటారన్నది నిజం. మేము ఆ నాలుగు గంటలు మూసి, రాత్రి పదిన్నర దాకా తెరిచి ఉంచుతాం; జరిమానా వేసేవాళ్లు లేరు. ఆరు దాటాక ఖాళీ స్థలంలో కార్లు నిండుతాయి, పిల్లలు బయట పరుగెత్తుతుంటే తల్లులు తీరిగ్గా పట్టు పావడాలు బేరం చేస్తారు. పడమటి అద్దానికి ఎండ ఆపే ఫిల్మ్ అతికించాం, అయినా ఆ అరలో లేత రంగులు పెట్టం, తెల్లవీ ముదురువీ మార్చి మార్చి వేలాడదీస్తాం. పందిరి మొదటి వాయుగుండానికి ఒక చోట కారింది, యజమాని బాగు చేయించాడు.

మొన్న ఆ మాల్ మేనేజరే ఫోను చేశాడు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి వరకు కింది అంతస్తులో, సూపర్ మార్కెట్టు గుమ్మం ఎదురుగా చిన్న కియోస్కు పెట్టుకోమని, కనీస అద్దె లేకుండా అమ్మకంలో శాతం మీద ఇస్తామని అన్నాడు. జనం వచ్చినంత మేరకే అద్దె అన్నది నేను మొదట అడిగిన మాటే కనుక, శాతం ఎంతో కాగితం మీద పంపమని చెప్పాను.