అర్ధవృత్తం బరువు ఎక్కడుంది?

ఆదివారం, ఒంగోలు.

అక్క కూతురు ఇంటర్ పరీక్షలకు చదువుకుంటోంది. పొద్దున సమతల పలకల ద్రవ్యరాశి కేంద్రం, అంటే పలక ఒరగకుండా తూగే బిందువు, లెక్కల దగ్గర ఆగి, "వైశాల్యం సగానికి సగమయ్యే చోటే కదా మామయ్యా అది, సమాకలనం (ఇంటిగ్రేషన్) దేనికి?" అంది. ఎంత మంచి ప్రశ్న! సూత్రం కంఠస్థం చేసినవాళ్లకు ఇది తట్టదు.

పాత శుభలేఖ అట్టను 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తంగా కత్తిరించాం. వ్యాసానికి సమాంతరంగా సన్నని పట్టీలుగా కోసినట్టు ఊహించుకోమన్నాను. పైకి వెళ్లేకొద్దీ పట్టీ పొడవు తగ్గుతుంది. ప్రతి పట్టీ వైశాల్యాన్నీ వ్యాసం నుంచి దానికున్న దూరంతో గుణించి అన్నీ కూడాలి. ఆ కూడికే సమాకలనం. మొత్తం దాదాపు 666.7 వచ్చింది. దాన్ని పలక వైశాల్యం 157.1తో భాగిస్తే 4.24 సెంటీమీటర్లు, వ్యాసం నుంచి కేంద్రం ఉన్న దూరం అదే. వైశాల్యాన్ని సగం చేసే గీత మాత్రం 4.04 దగ్గరే ఉంది. తేడా రెండు మిల్లీమీటర్లే, కానీ విషయమంతా అందులోనే ఉంది. పై పట్టీలు చిన్నవైనా దూరంగా ఉన్నాయి, ఆ దూరమూ తూకంలోకి వస్తుంది. కావడి మోసేవాడు రెండు కుండల బరువూ సమానం కాకపోతే భుజం జరుపుకునేది ఇందుకే.

త్రిభుజంలో ఇది ఇంకా స్పష్టం. కేంద్రం భూమి (అడుగు భుజం) నుంచి ఎత్తులో మూడో వంతు దగ్గర ఉంటుంది. దాని గుండా భూమికి సమాంతరంగా గీత గీస్తే పైముక్క వైశాల్యం 4/9, కిందిది 5/9. అయినా పలక ఆ గీత మీద తూగుతుంది. పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని మళ్లీ లెక్క చూసింది.

బావగారు చీమకుర్తిలో గ్రానైట్ పనిలో ఉన్నారు. భోజనాల దగ్గర ఈ మాట వస్తే, వంకర పలకను క్రేన్ మొదట కాస్త ఎత్తి, ఏ పక్కకు ఒరుగుతోందో చూసి కొక్కెం జరుపుతారని చెప్పారు. మందం అంతటా ఒకేలా ఉన్న రాయి కాబట్టి వైశాల్యం లెక్కే అక్కడా సరిపోతుంది.

సాయంత్రం పరావలయ ఖండం, అంటే పెరాబోలా వంపును అడ్డగీతతో కోసిన ముక్క, చేసింది. కేంద్రం ఆధారం (ఆ అడ్డగీత) నుంచి ఎత్తులో 2/5 వంతు దగ్గర వచ్చింది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ సమాకలనం లేకుండానే, శీర్షం (వంపు కొన) నుంచి 3/5 అని నిరూపించాడని చెప్పాను. రెండూ ఒకటేనని తనే గ్రహించింది. ఇప్పుడు సగం దీర్ఘవృత్తం మీద కూర్చుంది. అడ్డం ఎంత సాగదీసినా కేంద్రం ఎత్తు మారదని నేను చెప్పలేదు, తననే కనుక్కోనిస్తున్నాను.